మా వాకిట్లో భద్రాద్రి దారి

దగ్గరికి జరగండర్రా, ధనుర్మాసం చలి ఊరికే పోదు. ఒరే చిన్నోడా, ఆ దుంగని ఇంకాస్త లోపలికి తొయ్యి, మంట నిలబడుద్ది. ఆఁ, ఇప్పుడు చెప్తా. ముక్కోటికి భద్రాచలం పోతున్నాం, అక్కడ ఏం చూడాలి నాయనమ్మా అని గదా అడిగారు. చూడాల్సినవి చెప్తాగానీ, ముందు మేం ఎట్టా పోయేవాళ్లమో వినండి. దారి తెలిస్తేనే ఆ గుడి సంగతి తెలుస్తది.

మన వాకిట్లో నుంచి పోతందే, ఆ రోడ్డే. కింద ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై మైలవరం, మన తిరువూరు, పెనుబల్లి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయి, అక్కడి నుంచి కుంట, సుక్మా దాటి జగదల్‌పూర్ దాకా పోతది. మొన్నమొన్నటిదాకా 221 అని రాళ్ల మీద రాసుండేది, ఇప్పుడు 30 అంటున్నారు. మా అత్తకి ఈ నెంబర్లేవీ తెలియవు. ఆమెకది రాముడి దారి, అంతే. పేడనీళ్లు చల్లి ముగ్గేసేటప్పుడు కూడా గడప ముందుతో ఆపేది కాదు, రోడ్డు అంచు దాకా చల్లేది. రాముడి దగ్గరికి పోయేవాళ్లు తొక్కే నేల గదా అనేది.

ఉగాది పచ్చడి తిన్న మర్నాటి నుంచి మొదలయ్యేవి బండ్లు. దిగువ నుంచి, కృష్ణ ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. గూడు బండ్లు, వాటెనక నడిచేవాళ్లు, చంకలో పిల్లలు, నెత్తిన మూటలు. ఇక్కడి నుంచి భద్రాచలం నూరు కిలోమీటర్ల పైమాటే. ఎడ్లబండి మీద నాలుగైదు రోజులు పట్టేది. శ్రీరామనవమి నాటికి చేరాలంటే చవితి దాటకుండా మన ఊరు దాటాలి. అందుకని ఆ రెండు మూడు రోజులూ రాత్రీ పగలూ ఎడ్ల మెడలో గంటలే. వాకిట్లో తాటాకు పందిరేసి, కొత్త కుండల్లో మజ్జిగ, పానకం, నానబెట్టిన పెసరపప్పు పెట్టేవాళ్లం. మజ్జిగ చిలికీ చిలికీ నా చేతులు కాయలు కాసేవి. మా అత్త ఒకే మాట చెప్పేది నాకు. దారినపోయే వాళ్లని ఏ ఊరమ్మా అని అడుగు, దాహం తీరిందా అని అడుగు, ఇంకేమీ అడక్కు అని. ఆ రోజుల్లో ఆ మాట అనటానికి గుండె ధైర్యం కావాలి. మా అత్తకి ఉంది.

నేను కాపురానికొచ్చిన ఏడాది మా మామ మొక్కు తీర్చాలని మమ్మల్నందర్నీ బండి కట్టి తీసుకెళ్లాడు. బస్సులు అప్పటికే తిరుగుతున్నాయి. అయినా ఆయన ఒప్పుకోలా, మొక్కుకున్నప్పుడు బండి మీద వస్తానన్నా, బండి మీదే పోవాలన్నాడు. గోదారి మీద వంతెన 1965లో వచ్చింది, మేం పోయింది దానికంటే ముందు. సారపాక దగ్గర బండి దిగితే ఎదురుగా ఇసుక. చైత్రంలో గోదారి సన్నబడి ఒక పక్కకి జరుగుద్ది గదా, మిగతాదంతా ఇసుక తిప్పలే. పొద్దెక్కితే కాలు పెట్టలేం. తెల్లారకముందే ఇసుకంతా నడిచి నీళ్ల దాకా పోయి, పడవ ఎక్కి దాటాలి. పడవలో నుంచి చూస్తే చిన్న గుట్ట, గుట్ట మీద గోపురం. పడవలో ఉన్న ముసలివాళ్లంతా ఒక్కసారి లేచి నిలబడి దణ్ణాలు పెడుతుంటే పడవవాడు కూర్చోండమ్మా, కూర్చోండమ్మా అని ఒకటే కేకలు. రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్లు లాంచీల్లో పాపికొండల మధ్య నుంచి వచ్చేవాళ్లు. అదింకో దారి.

మా అత్త చిన్నతనంలో అయితే ఇంతకంటే కష్టం. తిరువూరు ఇంగ్లీషోళ్ల ఏలుబడి, కృష్ణా జిల్లా. ఊరు దాటి పెనుబల్లి వైపు తిరిగితే నైజాం రాజ్యం. అక్కడ నాకా ఉండేది, బండి ఆపి మూటలు విప్పి చూసేవాళ్లు. మన రూపాయి వేరు, అక్కడి హాలీ సిక్కా వేరు, మార్చుకోవాలి. కొత్తగూడెం, పాల్వంచ, బూర్గంపాడు అన్నీ నైజాంవే. తీరా గోదారి దాటి భద్రాచలంలో కాలు పెడితే మళ్లీ ఇంగ్లీషోళ్ల రాజ్యం! భద్రాచలం తాలూకాని 1860లో నైజాం నవాబు వాళ్లకి ఇచ్చేశాడు, తర్వాత అది గోదావరి జిల్లాలో కలిసింది. అంటే ఒక్క దేవుడి కోసం రెండు సరిహద్దులు దాటేవాళ్లు మనోళ్లు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఏడాదిపాటు రజాకార్ల గొడవ, అవతలి ఊళ్ల జనం పిల్లాపాపలతో ఇటు వచ్చి తలదాచుకున్నారు. ఆ ఏడాది మన వాకిట్లో బండ్లు ఆగలేదని అత్త చెప్పేది, కళ్లనీళ్లు పెట్టుకుని. 1956లో అందరం ఒక రాష్ట్రమయ్యాం. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. మళ్లీ 2014లో గీత పడింది. ఇప్పుడు గుడి తెలంగాణలో, చుట్టుపక్కల ఊళ్లు చాలా ఆంధ్రలో. ఆ గుడి భూములేమో పక్కనే పురుషోత్తపట్నంలో, అదీ ఆంధ్రే. గీతలు గీసేవాళ్లు గీస్తూనే ఉంటారు. జనం మాత్రం మన వాకిట్లో నుంచి పోతూనే ఉన్నారు, నేను చూస్తూనే ఉన్నా.

సరే, గుడి సంగతి. మేరు పర్వతానికి భద్రుడని కొడుకు. రాముడు అడవుల్లో తిరిగేటప్పుడు నా తల మీద కూర్చోవయ్యా అని అడిగాడంట. సీతని వెతుక్కుంటున్నా, తిరుగు దారిలో వస్తాలే అన్నాడు రాముడు. ఆ తిరుగు దారిలో రాలేకపోయాడు. భద్రుడు తపస్సు మానలేదు. చివరికి వైకుంఠం నుంచే దిగి రావాల్సొచ్చింది. అందుకే అక్కడి రాముడికి నాలుగు చేతులు, విల్లంబులతో పాటు శంఖు చక్రాలు. ఎడమ తొడ మీద సీతమ్మ, పక్కన లక్ష్మణస్వామి. రాముణ్ణి ఆ రూపంలో చూడటం అరుదు. లోపలికి పోయినప్పుడు తోసుకుంటూ వచ్చేయకుండా ఆ చేతులు చూడండి. ఇచ్చిన మాట కోసం అంత దూరం వచ్చాడన్నమాట.

ఇదంతా పురాణం. నేను గట్టిగా చెప్పదలుచుకుంది ఆ తర్వాతి మనిషి గురించి. భద్రాచలం అనగానే అందరూ రామదాసు అంటారు. ఆయన గొప్పవాడే, కాదన్లా. కానీ ఆయనకంటే ముందు పోకల దమ్మక్క ఉంది. అడవి పక్క ఊరు భద్రిరెడ్డిపాలెంలో ఉండేది, అడవి బిడ్డ. ఆమెకి కలలో కనపడి నేను ఫలానా పుట్టలో ఉన్నా అని చెప్పాడు రాముడు. రాజులకి చెప్పలేదు, పండితులకి చెప్పలేదు. ఆమె పోయి ఆ పుట్ట మీద గోదారి నీళ్లు పోసింది. బిందెలకి బిందెలు పోస్తే మన్ను కరిగి విగ్రహాలు బయటపడ్డాయి. తాటాకులతో పందిరేసింది. తాటిపండు నైవేద్యం పెట్టింది, ఆమెకి దొరికేది అదే గదా. మంత్రం లేదు, తంత్రం లేదు, రోజూ పోయి దీపం పెట్టి, పండు పెట్టి వచ్చేది. ఆ గుడిలో మొదటి పూజారి దమ్మక్కే. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆమె పందిరి వెయ్యకపోతే రామదాసు గోపురం కట్టేవాడా?

రామదాసు మనకి దూరపువాడు కాదు. కంచర్ల గోపన్న, ఊరు నేలకొండపల్లి, ఇటు ఖమ్మం వైపే. గోల్కొండని తానీషా ఏలుతున్న రోజులు. 1672 నుంచి 1687 దాకా ఏలాడాయన. కొలువులో అక్కన్న మాదన్న అని అన్నదమ్ములు, గోపన్నకి మేనమామలు. వాళ్ల చలవతో పాల్వంచ పరగణాకి తాసీల్దారుగా వచ్చాడు. ఊళ్లు తిరుగుతా తిరుగుతా ఈ తాటాకు పందిరి చూశాడు. ఆరు లక్షల పన్ను డబ్బు గుడికీ, నగలకీ పెట్టేశాడు. తప్పేనా అంటే, సర్కారు లెక్కలో తప్పే. తానీషా పట్టుకెళ్లి గోల్కొండ కోటలో పన్నెండేళ్లు చెరలో పెట్టాడు. గోడలకి బొమ్మలు చెక్కుకుంటా, పాటలు పాడుకుంటా గడిపాడు ఆ పన్నెండేళ్లూ. గోల్కొండ పోతే ఆ కొట్టు ఇప్పటికీ చూపిస్తారు.

ఆ పాటల్లో నాకు బాగా ఇష్టమైంది, రాముణ్ణి నిలదీసి లెక్క అడిగేది. ప్రాకారానికి ఎంత అయింది, సీతమ్మ చింతాకు పతకానికి ఎంత పెట్టా, నీ కలికితురాయికి ఎంత పెట్టా, ఎవడబ్బ సొమ్మని ఇట్టా కులుకుతున్నావు అని అడుగుతాడు. తర్వాత మళ్లీ తనే, దెబ్బలు తట్టుకోలేక తిట్టాను, కోప్పడొద్దు తండ్రీ అంటాడు. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు దేవుడితో. ఆ నగల్లో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, కల్యాణానికి పెడతారు.

చివరికి రామోజీ, లక్ష్మోజీ అని ఇద్దరు కుర్రాళ్లు అర్ధరాత్రి తానీషా పడకగదిలోకి వచ్చి ఆరు లక్షలూ కుమ్మరించి రసీదు రాయించుకుపోయారంట. తెల్లారి తానీషాకి తెలిసింది వచ్చిందెవరో. చెరలో ఉన్న గోపన్నకి కనపడలేదు, చెరలో పెట్టినవాడికి కనపడ్డాడు చూడండి. మా మామ ఈ చోటుకొచ్చేసరికి ఎప్పుడూ గొంతు పూడి ఆగిపోయేవాడు. ఆ నాటి నుంచీ సీతారాముల పెళ్లికి గోల్కొండ దర్బారు నుంచి ముత్యాల తలంబ్రాలు వెళ్లేవి. 1687లో గోల్కొండని ఔరంగజేబు పట్టుకున్నాడు, ఆ దర్బారే పోయింది. కానీ ఆ పద్ధతి పోలేదు. ఇప్పటికీ ప్రభుత్వం తరపున పట్టుబట్టలూ ముత్యాల తలంబ్రాలూ పంపుతున్నారు. ఒక ముసల్మాను రాజు మొదలుపెట్టింది ఇన్ని ప్రభుత్వాలు మారినా నడుస్తంది.

రామదాసు తర్వాత గుడి చాలాకాలం పట్టించుకునే దిక్కులేక ఉందంట. అప్పుడు గుంటూరు నుంచి వచ్చాడు తూము నరసింహదాసు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో సంగతి. తోడుగా కంచి నుంచి వచ్చిన వరద రామదాసు. నరసింహదాసు పేరు చాలామందికి తెలియదు. రోజూ ఏ పూజ, వారానికి ఏది, పక్షానికి ఏది, నెలకి ఏది, ఏడాదికి ఏది అని ఒక క్రమం పెట్టింది ఈయనే. కట్టటం ఒక ఎత్తు, దీపం ఆరకుండా చూసుకోవటం ఇంకో ఎత్తు.

పెళ్లి మాట చెప్పాలి. నవమి రాముడు పుట్టినరోజు గదా, ఆ రోజే పెళ్లేమిటి అని మీ అమ్మ నన్నొకసారి అడిగింది. భద్రాద్రిలో అట్టాగే. మిట్టమధ్యాన్నం అభిజిల్లగ్నంలో జీలకర్రా బెల్లం. మన పెళ్లిళ్లలో రెండు పుస్తెలుంటాయి, పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. సీతమ్మకి మాత్రం భద్రాద్రిలో మూడు సూత్రాలు. జనకుడిదొకటి, దశరథుడిదొకటి, మూడోది రామదాసు చేయించింది. సీతమ్మని కూతురనుకున్నాడు, కూతురికి తండ్రి సూత్రం చేయించాడు. కట్టే ముందు ఆ మూడూ ఎత్తి చూపిస్తారు. అప్పుడు జనంలో లేచే కేక, ఆ కేక నేనెప్పుడూ మర్చిపోలా.

తలంబ్రాలు కూడా అక్కడ పచ్చగా ఉండవు, ఎర్రగా ఉంటాయి. పసుపుతో పాటు గులాలు కలుపుతారు. ఫాల్గుణ పున్నమి నాడే పెళ్లి పనులు మొదలు, పసుపు కొమ్ములు దంచటం, తలంబ్రాలు కలపటం. ఆ గులాలు కలపటం కూడా తానీషా కాలం నుంచే వచ్చిందంటారు. వాటిలో గోటి తలంబ్రాలని ఉంటాయి. రోటిలో వేసి దంచరు, మిల్లులో ఆడించరు. ఒక్కో వడ్ల గింజ గోటితో ఒలవాలి, బియ్యపు గింజ విరగకూడదు. గోదావరి జిల్లా కోరుకొండ వైపు భక్తులు ఈ పనికోసమే విడిగా వరి పండిస్తారు. విత్తేటప్పుడూ కోసేటప్పుడూ ఆంజనేయుడి వేషం, సుగ్రీవుడి వేషం కట్టి పొలంలో దిగుతారు. ఆ వడ్లు ఊరూరా ఆడవాళ్లకి పంచుతారు. నేనూ ఒలిచా. కొంగులో పోసుకుని, రామ రామ అనుకుంటా, గింజ తర్వాత గింజ. పొద్దుటి నుంచి కూర్చుంటే సాయంత్రానికి గుప్పెడు కావు. వేలికొసలు మండుతాయి. ఆ గుప్పెడు గింజలు లక్షల గింజల్లో కలిసి ఎవరి తల మీద పడతాయో! తానీషా ముత్యాలూ నా గింజలూ ఒకే పళ్లెంలో.

పెళ్లికి పోలేని ఏళ్లలో రేడియో. ఉషశ్రీ గారని ఉండేవాడు, భద్రాద్రి కల్యాణం ఆకాశవాణిలో చెప్పేవాడు. ఆ గొంతు వింటుంటే మనం కూడా ఆ మండపం ముందు కూర్చున్నట్టే. మా అత్త పెట్టె ముందు పీటేసి, దాని మీద పానకం చెంబు పెట్టి, సూత్రధారణ అనగానే లేచి అక్షింతలు రేడియో మీద చల్లేది. మీ తాత, ఒసే అమ్మా, లోపలికి పోతే పాడవుద్దే అని గోల. ఆమె వినేది కాదు.

గోదారి కూడా ఊరుకోదు సుమా. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వచ్చింది నీళ్లు. నలభై మూడడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, యాభై మూడుకి మూడోది, ఆఖరిది. దాని మీద ఇంకా ఇరవై రెండడుగులపైన అంటే ఊహించుకోండి. మొన్న 2022 జులైలో మళ్లీ డెబ్బై ఒకటి దాటింది. రోడ్లు మునిగి, బండ్లు పోక, మన ఊళ్లో కూడా దుకాణాల ముందు జనం అదే మాట, గుట్ట మీదికి ఎక్కిందా, ఎక్కలేదా అని.

ఇప్పుడు ముక్కోటి. మీరు పోయేది దానికి గాబట్టి జాగ్రత్తగా వినండి. ముక్కోటికి ముందు రోజులన్నీ పగల్‌పత్తు. రోజుకో అవతారంలో అలంకరిస్తారు స్వామిని, మత్స్యం, కూర్మం, వరాహం అట్టా. ముందు రోజు సాయంత్రం తెప్పోత్సవం. హంస వాహనం మీద సీతారాములు గోదారిలో తిరుగుతారు. తొందరగా పోయి మెట్ల మీద చోటు పట్టుకోండి. పిల్లల చెయ్యి వదలొద్దు, నీళ్ల దగ్గర జనం తోసుకుంటారు. మర్నాడు తెల్లారుజామున ఉత్తర ద్వారం. తలుపులు మూసుంటాయి, వేదం వినపడతా ఉంటది, మనమంతా చలికి వణుకుతా నిలబడి ఉంటాం. తలుపు తీస్తారు. ముందు ధూపం పొగ ఒక్కటే వస్తది, ఏమీ కనపడదు. ఆ పొగ చెదిరే కొద్దీ స్వామి. ఎవరూ చెప్పక్కర్లేదు, చేతులు వాటంతటవే లేస్తాయి.

వీలుంటే ఆ మర్నాడు పర్ణశాల పోయి రండి, పదిహేను కోసుల లోపే. సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులని రాళ్ల మీద చూపిస్తారు. రైల్లో పోదామని ఎవరన్నా అంటే మాత్రం వినొద్దు. భద్రాచలం రోడ్డు అని స్టేషన్ పేరుంటది గానీ అది కొత్తగూడెంలో ఉంది, అక్కడి నుంచి ఇంకా నలభై కిలోమీటర్లు. మన వాకిట్లో బస్సు ఎక్కితే వంతెన మీద నుంచి తిన్నగా గుడి ఊళ్లోనే దింపుతాడు.

ఇంకొక్క సంగతి. ఏడాదికోసారి దమ్మక్క సేవాయాత్ర అని చేస్తారు అక్కడ. ఆ రోజు అడవి ఊళ్ల నుంచి గిరిజనులు వస్తారు, వాళ్ల డోళ్లూ వాళ్ల పాటలతో, వాళ్ల అడవిలో దొరికిన పూలూ పండ్లూ పట్టుకుని. ఈసారి కాకపోతే వచ్చే ఏడాది నన్ను దానికి తీసుకెళ్లాలి మీరు. నవమి చూశా, ముక్కోటి చూశా. దమ్మక్క మనుషులు దమ్మక్క దేవుడికి పండ్లు పెట్టేది ఇంకా చూడలా.